ఎర్రకారుకు మొదటి గ్రీసు

అక్టోబరు 6, సోమవారం

సత్యభామక్క కారు అమ్మేస్తోందట. అమ్ముకోనీ. నాకేం?

ఈ డైరీని టైర్ల కంపెనీ వాడు జనవరిలో ఇచ్చాడు. తొమ్మిది నెలలుగా దీని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాను. ఈరోజు ఎందుకు తెరిచానంటే, ఊరికే. మా ఇంట్లో అందరికీ తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నా భార్య కెంపమ్మా, కూతురు మేఘనా ఇద్దరూ కన్నడ బడి. సరిహద్దు అవతల తెలుగు బడిలో ఎనిమిది దాకా వెలగబెట్టి, తొమ్మిదో క్లాసు గుమ్మం తొక్కకుండా వచ్చిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి ఇది బీరువా కన్నా భద్రం. నాకు తెలిసి ఈ హొసకోటెలో తెలుగు చదివే ఇంకో మనిషి అక్క. ఆమెకు నా డైరీతో ఏం పని?

అక్క గురించి నాకు నేను చెప్పుకోనక్కర్లేదు గానీ పేజీ ఖాళీగా ఉంది. అరవై నాలుగేళ్ళు. ప్రభుత్వ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. వాళ్ళ నాయన కోలారు గనుల ఆసుపత్రిలో డాక్టరు. ఇంగ్లండుకు తిరిగిపోతూ ఒక దొర ఆయనకు అమ్మిన రెండు సీట్ల పందెం కారు అది. టాపు లేదు, పొగరు ఉంది. అక్క పదిహేడేళ్ళకు దాని మీదే డ్రైవింగు నేర్చుకుంది, దాంట్లోనే బడికి వెళ్ళేది. మలుపులో ఆ ఎర్ర మూతి కనబడగానే పిల్లలు చొక్కాలు లోపలికి దోపుకునేవాళ్ళు.

తొమ్మిదేళ్ళుగా దాని ముందు చక్రాల పని నాది. ఆయుధపూజ నాడు నా మెకానిక్ షెడ్డులో సామానంతా కడిగి, కుంకుమ పెట్టి, గ్రీసు గన్నుకు బంతిపూల దండ వేస్తాను. దండ వేసిన గన్నుతో ఆ ఏటి మొదటి గ్రీసు అక్క కారుకే. ముందు చక్రాల కింద ఉన్న రెండు నిప్పిళ్ళకు, అంటే గ్రీసు ఎక్కించే మొనలకు, పక్కల నుంచి ఉబికి వచ్చేదాకా కొడతాను. ఊరికే చేస్తాను. మేఘన పదో క్లాసులో బడి మానేస్తానంటే ఇంటికి వచ్చి చెవి పట్టుకుని తీసుకుపోయింది అక్క. దానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా.

రెండేళ్ళుగా స్టీరింగు బరువెక్కింది. పోయిన ఏడు పూజనాడు తన ఇంటి గేటు దగ్గర అక్క తిప్పలేక ఆగింది. చుట్టూ వీధి జనం. నాకు నోరు ఊరుకోదు. "అక్కా, బండి బాగానే ఉండాది. స్టీరింగు ముసలిది కాలా, తిప్పే చేతులు ముసలివైనాయి" అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

ఈ ఏడు పూజ కాగానే తాళం నా చేతిలో పెట్టి, "నువ్వే లోపల పెట్టప్పా" అంది. పెట్టాను. నా చేతులకు కూడా బరువుగానే ఉంది. ఆ మాట అక్కకు చెప్పలేదు. పేలిన జోకును ఎవడైనా వెనక్కి తీసుకుంటాడా?

అక్టోబరు 7, మంగళవారం

నాకేం.

అక్టోబరు 10, శుక్రవారం

కొనేవాడు వచ్చాడు. హేమంత్‌కుమార్. విజయవాడ వైపు వాడు, బెంగళూరు కుందలహళ్ళిలో కంప్యూటరు ఉద్యోగం. పిల్లి కళ్ళు, పెళ్ళికొడుకు బూట్లు. అక్క కారును నా షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి చెమటలు కక్కుతూ దిగాడు.

"అన్నా, ఇది స్టీరింగా, జిమ్మా? నాకు లైట్‌గా కావాలన్నా. వన్ హ్యాండ్‌తో పార్క్ చేసేయాలి. ఎలక్ట్రిక్ మోటార్ కిట్ దొరుకుతుందంట కదా, పెట్టేయండి."

"పెట్టొచ్చు సార్. స్టీరింగు కింద ఉండే గొట్టాన్ని కోయాల."

పక్కనే నిలబడ్డ అక్క చీర కొంగు సర్దుకుంది. "అమ్మినాక నీ ఇష్టమప్పా" అంది వాడితో. గొంతు హెడ్‌మిస్ట్రెస్ గొంతు కాదు. జ్వరం వచ్చినవాళ్ళ గొంతు.

నవంబరు 2, ఆదివారం మంచి రోజట, అప్పగింత. అంతదాకా బండి నా షెడ్డులోనే. కోయకుండా ఏమైనా అవుతుందేమో ముందు చూస్తానని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు.

వెళ్తూ హేమంత్ అడిగాడు: "ఈలోపు నేనేమైనా ప్రాక్టీస్ చేయాలా అన్నా?"

అడగకూడని మనిషిని అడగకూడని మాట అడిగాడు.

అక్టోబరు 12, ఆదివారం

వచ్చాడు! నిజంగానే వచ్చాడు! పాతకాలం పందెం కార్లు నడిపేవాళ్ళు మొదట రోలు తిప్పి భుజాలు కుదుర్చుకునేవాళ్ళని నేను చెబితే, చెమట తుడుచుకునే తుండుతో సహా వచ్చాడు. మా పెరట్లో రుబ్బురోలు ముందు కూర్చోబెట్టాను. కెంపమ్మ బియ్యం, ఉద్దిపప్పు నానబోసి సిద్ధంగా ఉంది.

"రెండు చేతులూ పట్టు సార్. కుడివైపు నూరు, ఎడమవైపు నూరు. మలుపు వచ్చిందనుకో."

"అన్నా, పప్పు ఎందుకన్నా?"

"ఉత్తి రోలు తేలిగ్గా తిరుగుతాది సార్. లోడు ఉండాల కదా."

తల ఊపాడు. ఇంజనీరు కదా, లోడు అంటే వెంటనే అర్థమైంది.

కెంపమ్మ వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. పిండి మెత్తగా, వెన్నలా వచ్చింది.

అక్టోబరు 15, బుధవారం

టైర్లలో గాలి తక్కువ. నింపాను. కొంచెం తేలికైంది. నేను చెప్పలా, నా పనిలో లోపం లేదని.

అక్టోబరు 16, గురువారం

కొంచెమే.

టైర్లు కూడా వెడల్పువి వేశారు ఎవరో. సన్నవి వేయించాను. చక్రాలు సరిగ్గా నిలబెట్టి చూశాను. ఇంకొంచెం తేలిక. అయినా సగం తిరిగాక ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు ఆగుతుంది. ఇంగ్లీషు దొర దయ్యమై పట్టుకున్నాడా?

అక్టోబరు 19, ఆదివారం

హేమంత్ రెండో వారం. అరచేతిలో బొబ్బ. దాన్ని ఫోటో తీసి భార్యకు పంపుకున్నాడు. ఈసారి కెంపమ్మ దయతలచి రెండు దోసెలు పెట్టింది. "ఆంటీ, సూపర్ ఆంటీ, పిండి ఏ బ్రాండు?" అని అడిగాడు. నేను లేచి పెరట్లోకి పోయాను. గోడకు ఆనుకుని నవ్వాను. దేవుడు నాకు అన్నీ తక్కువ ఇచ్చినా మనుషుల్ని బాగా ఇచ్చాడు.

అక్టోబరు 23, గురువారం

దీపావళి సందడి తగ్గింది. ఎడమ చక్రం విప్పాను.

చక్రం కింద ఒక మర ఉంటుంది. స్టీరింగు తిప్పితే ఆ మరలోనే చక్రం అటూ ఇటూ తిరుగుతుంది. నిప్పిల్‌లో కొట్టింది ఆ మరలోకి చేరాలి. విప్పి చూస్తే లోపల నల్లటి గడ్డ. పాత బెల్లం గడ్డ ఉన్నట్టు. స్క్రూడ్రైవరుతో గుచ్చితే పెళ్ళలుగా రాలింది. దారి మొత్తం మూసుకుపోయి ఉంది. దాని వెనక మర ఎండిపోయి, తుప్పు పట్టి, చుక్క తడి లేదు.

తొమ్మిదేళ్ళ గ్రీసు. వరుసలు కనిపిస్తున్నాయి, చెట్టు మాను కోస్తే కనిపించినట్టు. మధ్యలో ఒక బంతిపూవు రేకు కూడా ఉంది.

కుడి చక్రం విప్పలేదు. రెండూ ఒకేలా ఉండవు కదా.

అక్టోబరు 24, శుక్రవారం

ఒకేలా ఉన్నాయి.

కారుతో పాటు అక్క ఎప్పుడో ఒక పుస్తకం ఇచ్చింది, ఇంగ్లీషుది. షెడ్డులో బెంచీకి ఒక కాలు పొట్టి, దాని కింద పెట్టాను. తీశాను. బొమ్మలు చూసి పని నేర్చుకున్నది నాకు గుర్తే. ముప్పై ఒకటో పేజీలో చక్రం, నిప్పిల్, పక్కనే గ్రీసు గన్ను. స్పష్టంగా గన్ను బొమ్మ ఉంది. గన్ను బొమ్మ ఉంటే ఎవడైనా ఏం కొడతాడు?

మేఘనకు చూపించాను. అది బీకాం.

చదివి నా వైపు చూసింది. మళ్ళీ చదివింది. "నాయనా, గన్నులో గేరు ఆయిలు పోసి కొట్టాలంట. 'గ్రీసు ఎప్పటికీ వాడరాదు' అని రాసుండాది. కింద గీత కూడా గీసుండారు."

"గీత ఎవరు గీసినారు?"

"అచ్చులోనే ఉండాది నాయనా."

ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి కూడా అదే ఉంది.

"మేడం ఏమో చేతుల్లో బలం పోయిందని కారు అమ్ముకుంటాంటే..." అని మొదలుపెట్టింది. మసాలా దోసె తెప్పిస్తానన్నాను. తినింది, కానీ నా వైపు చూసే చూపు మార్చలేదు.

అక్టోబరు 25, శనివారం

ఇంగ్లండులో చలి. అక్కడ గ్రీసు గడ్డ కడుతుంది కాబట్టి వద్దన్నారు. మన ఊరికి ఆ రూలు పనిచెయ్యదు.

అక్టోబరు 26, ఆదివారం

మన ఊళ్ళో కూడా గడ్డ కట్టింది.

అక్టోబరు 28, మంగళవారం

కిరసనాయిల్లో నానబెట్టి, సన్నటి తీగతో పొడిచి పొడిచి దారి తెరిచాను. మర నునుపు చేశాను. గన్ను కడిగి ఆయిలు పోసి కొట్టాను. రెండో వైపు చుక్కలు చుక్కలుగా బయటకు వచ్చింది. చక్రాలు ఎక్కించి, జాకీ దించి, షెడ్డు ముందు మెల్లగా కదిలించి తిప్పాను.

ఒక్క చేతి రెండు వేళ్ళతో తిరిగింది.

మోటారు లేదు, కోత లేదు. అక్క పదిహేడేళ్ళకు తిప్పిన స్టీరింగు ఇదేనన్నమాట.

సీట్లో చాలాసేపు కూర్చున్నాను. పక్క అంగడివాడు "ఏం మునినారాయణప్పా, కొంటాండావా?" అన్నాడు. దిగి, గన్ను తుడిచి మేకుకు తగిలించాను.

అక్టోబరు 30, గురువారం

లెక్క చాలా సులువు. ఆదివారం హేమంత్ వస్తాడు. రెండు వేళ్ళతో తిప్పి "సూపరన్నా" అంటాడు. కొత్త బేరింగులు వేశానని చెబుతాను. బండి కుందలహళ్ళికి పోతుంది, దానితో పాటే ఈ సంగతీ పోతుంది. మేఘన దోసె తినింది కాబట్టి చెప్పదు. నా పేరు నా బోర్డు మీద అలాగే ఉంటుంది.

అక్క మాత్రం ఇంట్లో కూర్చుని తన చేతుల వైపు చూసుకుంటుంది.

కెంపమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఏమయ్యా, మూడు దినాలుగా ఎవర్నీ ఏడిపించలా. ఒంట్లో బాగలేదా?"

"వయసైంది" అన్నాను.

"నీ నోటికి తప్ప దేనికీ వయసు కాలా" అంది. ఇంట్లో నా శిష్యురాలే నన్ను మించిపోయింది.

నవంబరు 1, శనివారం

చెప్పేశాను.

రోడ్డంతా కన్నడ రాజ్యోత్సవం జెండాలు, మైకులు. అక్క వాకిట్లో మల్లెతీగకు నీళ్ళు పోస్తోంది. నిలబడే చెప్పాను. "అక్కా, నీ చేతులు బాగుండాయి. తప్పు నాది. నూనె పోయాల్సిన చోట తొమ్మిదేళ్ళు గ్రీసు కొట్టినా. మర ఎండిపోయింది. దాంతోనే స్టీరింగు బరువెక్కింది."

అక్క చెంబు దించి నా ముఖంలోకి చూసింది. తరవాత నవ్వింది. నవ్వి నవ్వి గుమ్మం మీద కూర్చుంది.

"ఒరే మునీ, నీ నాటకాలు నాకు తెలీవా? అత్తిబెలెలో పెండ్లని చెప్పి నాకు పట్టుచీర కట్టించి తీసుకపోతివే, పెండ్లి ముందు వారమే అయిపోయుండె. ఇంగ దీన్ని నమ్మమంటావా?"

"అది నాటకం. ఇది నిజమక్కా."

"అప్పుడూ ఇట్లే అంటివి."

నా మీద ఒట్టు పెట్టాను. నా ఒట్టుకు ఈ ఊళ్ళో విలువ లేదు. కెంపమ్మ మీద పెట్టాను. "దాని మీద వారానికి రెండు పెడతావు" అంది. కన్నీళ్ళు పెట్టుకుందామనుకున్నాను, అవి నాకు అలవాటు లేక రాలేదు.

"ఒకసారి వచ్చి తిప్పి చూడక్కా."

అప్పుడు నవ్వు ఆగింది. "వద్దప్పా. పోయినసారి గేటు కాడ నవ్వినారు కదా, అది చాలు. నన్ను ఓదార్చాలని అబద్ధం చెప్తాండావు, నాకు తెలుసు. ఆ పిల్లోని కోసం ఏదో మోటారు బిగించుంటావు. నాకు మోటారు చేతులు వద్దు."

లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టలేదు. పెట్టి ఉంటే కోపమని సరిపెట్టుకునేవాణ్ణి.

యాభై రెండేళ్ళు అబద్ధాలు చెప్పి అందరి చేతా నమ్మించాను. ఒక్క నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు.

నవంబరు 2, ఆదివారం

పొద్దున్నే పుస్తకం చంకలో పెట్టుకుని పోయాను. ఒక స్టీలు డబ్బా కూడా. నోరు తెరవలేదు. నా నోటి వల్లే కదా ఇదంతా. డబ్బా మూత తీసి గుమ్మం మీద పెట్టాను, నల్లటి పెళ్ళలు, మధ్యలో బంతి రేకు. పుస్తకం ముప్పై ఒకటో పేజీ తెరిచి పక్కన పెట్టి, బడిలో చేసినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. నా మాట నమ్మదు గానీ అచ్చయిన మాట నమ్ముతుంది. గీత ఉన్న చోట వేలు ఆగింది. డబ్బాలోంచి ఒక పెళ్ళ తీసి వేళ్ళ మధ్య నలిపింది. నలగలేదు. బంతి రేకును అరచేతిలో పెట్టుకుంది.

"మొదటి గ్రీసు" అంది.

"అవునక్కా."

"తొమ్మిదేళ్ళు."

"అవునక్కా."

"పుస్తకం ఇస్తి కదరా, ఏం చేసినావు?"

"బెంచీ కాలు కింద పెట్టినా."

అప్పుడు లేచింది. నా చెవి దొరికింది. యాభై రెండేళ్ళ చెవి, వీధి నడుమ, పాలవాడు చూస్తుండగా! ఆ పట్టు చూస్తే ఎవడైనా చెబుతాడు, ఆ చేతులకు ఏమీ కాలేదని. చెవి పట్టుకునే షెడ్డు దాకా నడిపించింది.

కారు ఎక్కే ముందు వంగి కింద చూసింది, మోటారు ఉందేమోనని. లేదు. కూర్చుంది. చీర కొంగు నడుముకు దోపింది. స్టార్టు చేసి, మెల్లగా కదిలించి, రెండు చేతులతో గట్టిగా తిప్పబోయి ఒక్కసారిగా మొత్తం తిరిగిపోయేసరికి బెదిరిపోయింది. మళ్ళీ తిప్పింది, ఒక చేత్తో. ఆ తరవాత రెండు వేళ్ళతో. ఆమె ముఖం వైపు నేను చూడలేదు. షెడ్డు పైరేకులు ఎన్నున్నాయో ఎంచాను.

"ఎక్కు" అంది.

పాత మద్రాసు రోడ్డు మీద పోయి, పెద్ద లారీ పక్కన మలుపు కొట్టి, గేటు దగ్గరకు వచ్చాం. పోయిన ఏడు ఆగిన గేటు. ఆగలేదు. వీధి జనం చూస్తున్నారు. అక్క మళ్ళీ వెనక్కి తీసి, మళ్ళీ తిప్పింది. అవసరం లేదు. అయినా మూడు సార్లు తిప్పింది.

అప్పుడే హేమంత్ దండతో, నిమ్మకాయలతో దిగాడు. అక్క కారు ఆపి చెప్పింది: "నాయనా, తప్పు నాది. మాటిచ్చి వెనక్కి తీసుకుంటాండాను. నా చేతులు పోయినాయనుకొని అమ్ముదామంటిని. పోలా."

పాపం వాడి ముఖం చిన్నబోయింది. "ఆంటీ, నేను మూడు వారాలుగా పిండి రుబ్బాను ఆంటీ!"

"ఏం పిండి?"

నేను కారు దిగబోయాను. తలుపు గడియ దొరకలేదు.

"భుజాలకు ట్రైనింగని మునినారాయణప్పగారు రోలు దగ్గర... రెండు వందల చుట్లు..." అంటూ వాడికే అర్థమైపోయి ఆగిపోయాడు. "అది ఇడ్లీ పిండా అన్నా?"

"దోసె" అన్నాను. నిజం చెప్పడం అలవాటు చేసుకుంటున్నాను కదా.

రెండో చెవి కూడా పోయింది. హేమంత్ మొదట కోపంగా చూశాడు, తరవాత వాడే ముందు నవ్వాడు. అక్క వాణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తీసుకుపోయింది. ప్రతి ఆదివారం రమ్మందట, నేర్పిస్తానని. నన్ను వెనకాల నడిచి రమ్మంది.

నవంబరు 3, సోమవారం

శిక్ష పడింది. వంద సార్లు రాయాలి. గ్రీసు గురించి రాయమంటుందేమో అనుకున్నాను. కాదు. "సత్యభామ చేతులు ముసలివి కావు" అని రాయాలట.

"నువ్వు డైరీ రాస్తావంట కదా, మేఘన చెప్పె. దాంట్లోనే రాసి తెచ్చి చూపియ్యి. నాకు తెలుగు చదవడం వస్తాది" అంది.

మసాలా దోసె దండగ.

పేజీలు చింపేద్దామని చూశాను. చింపితే ఏ పేజీ చింపానో దాని గురించే అడుగుతుంది. చదువుకోనీ. గేటు దగ్గర నేనన్న మాట పేజీలో ఉంది, నా చేతులకు కూడా బరువుగానే ఉందన్న మాట దాని కిందే ఉంది. ఆ రెండోది నోటితో ఇంకా చెప్పలేదు.

1. సత్యభామ చేతులు ముసలివి కావు.
2. సత్యభామ చేతులు ముసలివి కావు.
3. సత్యభామక్క చేతులు ముసలివి కావు.
4. సత్యభామక్క చేతులు ముసలివి కావు. చెవి ఇంకా మండుతోంది.
5. సత్యభామక్క చేతులు ముసలివి కావు.

ఐదుకే మణికట్టు పట్టేసింది. నా చెయ్యి బాగానే ఉంది. ఈ పెన్నే బరువుగా ఉంది. ఇందులో ఎవడో గ్రీసు పెట్టాడు.